పాఠకుల ప్రశ్నలు: ఆన్‌లైన్ డిగ్రీకి ఎలాంటి లాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా అబ్బాయి ఈ ఏడాది రెండో పీయూసీ పూర్తి చేసి, ఐఐటీ మద్రాసువారు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. వాడికి లాప్‌టాప్ కొనడానికి 55,000 రూపాయలు కూడబెట్టాం. అంగడికి వెళితే 78,000 రూపాయల గేమింగ్ లాప్‌టాప్ చూపించి, డేటా సైన్స్‌కు గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కుదరదు, మిగతాది కంతుల్లో కట్టుకోండి అన్నారు. పక్కింటివాళ్లు ఏడో తరం కోర్ ఐ5 ఉన్న తమ పాత లాప్‌టాప్‌ను 18,000కు ఇస్తామంటున్నారు. మా మరిదేమో "అంత ఖర్చు ఎందుకు వదినా, సాయంత్రం నా ఆఫీసు లాప్‌టాప్ వాడుకోమను" అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: అమ్మా, ఆ మూడూ వద్దనే చెబుతాను. మీ దగ్గరున్న 55,000 ఈ చదువుకు సరిపోతుంది. అప్పు చేయవలసిన అవసరం లేదు.

ముందుగా మీ మరిదిగారి మాట. ఆయన ప్రేమతోనే అన్నారు, కానీ ఆఫీసు లాప్‌టాప్ మీద పెత్తనం కంపెనీది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే అనుమతి చాలా కంపెనీలు తమ ఉద్యోగికే ఇవ్వవు, ఇక ఇంట్లోవాళ్లు వాడినట్లు తెలిస్తే ఇబ్బందిలో పడేది ఆయనే. మీ అబ్బాయి చేరబోయే కోర్సులో క్విజ్‌లు, చివరి పరీక్షలు కేంద్రాలకు వెళ్లి రాసేవే అయినా, ప్రోగ్రామింగ్ పరీక్షల్లో కొన్నింటిని ఇంటినుంచే కెమెరా నిఘాలో రాయవలసి ఉంటుంది. అలాంటి పరీక్ష మధ్యలో కంపెనీవారి భద్రతా సాఫ్ట్‌వేర్ కెమెరానో బ్రౌజర్‌నో అడ్డుకుంటే ఆ సమయంలో ఎవరికీ ఏమీ పాలుపోదు. ఒక సంవత్సరం కష్టాన్ని మనది కాని యంత్రానికి అప్పగించడం నాకు సమ్మతం కాదు.

పక్కింటివారి లాప్‌టాప్ విషయంలో అడ్డు వచ్చేది వయసు. ఏడో తరం ప్రాసెసర్లలో బహు కొద్దివాటిని మినహాయిస్తే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి ఇచ్చిన అదనపు భద్రతా నవీకరణల గడువు కూడా 2026 అక్టోబరు 13 వరకే. నాలుగేళ్లు సాగే చదువుకు అది చాలదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. నేర్చుకోవడానికి లైనక్స్ ఎంతో మంచిదే, కానీ కొన్ని విశ్వవిద్యాలయాలు పరీక్షలకు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ వంటివి విండోస్, ఆపిల్ యంత్రాల మీద తప్ప పనిచేయవు.

పాతదే కొనాలనుకుంటే, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు మీ బెంగళూరులోనే కంప్యూటర్ దుకాణాల వీధి అయిన ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి, వాటి కీబోర్డులు, కీళ్లు గట్టివి. ప్రాసెసర్ ఎనిమిదో తరానికి తక్కువ కాకుండా చూడండి. డబ్బు ఇచ్చే ముందు విండోస్‌ను మీ కళ్లముందే పూర్తిగా రీసెట్ చేయించి, ఇంటర్నెట్‌కు కలిపి మొదటినుంచి తెరిపించండి. ఏదైనా కంపెనీ పేరు చూపించి వారి ఈమెయిల్‌తో లాగిన్ కమ్మని అడిగితే, ఆ యంత్రం ఇంకా ఆ కంపెనీ లెక్కలోనే ఉందని అర్థం. ధర ఎంత తగ్గించినా దాన్ని ముట్టుకోకండి.

ఇక గేమింగ్ లాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు (ఆటల బొమ్మలకు, భారీ లెక్కలకు వాడే విడి భాగం) లేకపోతే డేటా సైన్స్ కుదరదన్న మాట మీ అబ్బాయి విషయంలో నిజం కాదు. మొదటి మెట్టులో వాడు చదివేది గణితం, సంఖ్యాశాస్త్రం, ఇంగ్లీషు, పైథాన్ వంటివి. వాటిలో దేనికీ ఆ కార్డుతో పని లేదు. ముందుముందు న్యూరల్ నెట్‌వర్కుల వంటివి వచ్చినప్పుడు గూగుల్ కోలాబ్ ఉంది. బ్రౌజర్‌లో తెరిస్తే లెక్కలన్నీ గూగుల్‌వారి కంప్యూటర్లలో జరుగుతాయి, పరిమితులకు లోబడి గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను ఉచితంగానే వాడుకోవచ్చు. గేమింగ్ లాప్‌టాప్ బరువు సాధారణంగా రెండు కిలోలు దాటుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, పని పెరిగితే ఫ్యాను మోత మైకులో వినబడుతుంది. ఇన్ని ఇబ్బందులను వడ్డీ కట్టి మరీ తెచ్చుకోవద్దని నా మనవి.

మీ డబ్బు ముందుగా పెట్టవలసింది ర్యామ్ మీద, అంటే తెరిచిన పనులన్నిటినీ ఏకకాలంలో పట్టి ఉంచే మెమరీ మీద. విండోస్ 11 ఏమీ తెరవకుండానే నాలుగు జీబీకి అటూఇటూగా తీసుకుంటుంది. దాని మీద ఒక పక్క పాఠం వీడియో, ఇంకో పక్క పైథాన్ నోట్‌బుక్, బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబులు, ఒక పీడీఎఫ్ తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది. అక్కడినుంచి యంత్రం మాట వినదు. తరువాతి మెట్టులో లైనక్స్ ఆదేశాలు నేర్చుకునేటప్పుడు విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ అనే సౌకర్యం ఉపయోగపడుతుంది, అదీ ర్యామ్‌నే అడుగుతుంది. అందుకే 16 జీబీ కావాలంటాను.

ఇప్పుడు 8 తీసుకుని తరువాత పెంచుకోవచ్చని దుకాణంవారు చెబితే, పెంచే వీలు ఉందో లేదో అక్కడే చూసుకోండి. 2021లో మా చెల్లెలి కూతురికి నేనే దగ్గరుండి ఒక పేరున్న కంపెనీ లాప్‌టాప్ కొనిపెట్టాను. ర్యామ్ పెంచుకోవచ్చని అమ్మినతను నమ్మకంగా చెప్పాడు. రెండో సంవత్సరంలో మూత విప్పించి చూస్తే ర్యామ్ చిప్పులు బోర్డుకే అతికించి ఉన్నాయి, ఖాళీ స్లాటు అన్నదే లేదు. ఆ పిల్ల మిగతా చదువంతా ఒక ట్యాబు మూసి ఇంకొకటి తెరుస్తూ నెట్టుకొచ్చింది. ఆ రోజు నేను ఒక్క నిమిషం వెచ్చించి ఉంటే ఆ అవస్థ తప్పేది.

ఆ ఒక్క నిమిషం పని ఇది. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన లాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ నొక్కండి. కుడివైపు కింద "స్లాట్స్ యూజ్డ్" అని, "ఫామ్ ఫ్యాక్టర్" అని రెండు వరుసలు కనిపిస్తాయి. రెండింటిలో ఒకటి వాడినట్లు, ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్‌ఓడిమ్ (విడిగా తగిలించే ర్యామ్ పలక) అని ఉంటే సాధారణంగా ఇంకొకటి చేర్చుకోవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించినదే. ఏమైనా ఆ మోడల్ వివరాల పేజీతో సరిపోల్చుకోండి. 2025 చివరినుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, వచ్చే ఏడు చౌకగా దొరుకుతుందన్న ఆశతో వాయిదా వేయడం కూడా నాకు నచ్చదు.

ప్రాసెసర్ దగ్గర పేరు చూసి మోసపోవద్దు. ఏఎండీ కంపెనీవి రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అనే రెండూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, ఒక్క అంకె తేడాయే కదా అనిపిస్తుంది. ఆ వరుసలో మూడో అంకె లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. 2 ఉంటే 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు). 3 ఉంటే జెన్ 3, ఆరు కోర్లు. పైగా 7520యూ ఉన్నవాటిలో ర్యామ్ ఎప్పుడూ బోర్డుకు అతికించే ఉంటుంది. మీ అబ్బాయికి 7530యూ గానీ, ఇంటెల్‌లో పన్నెండో, పదమూడో తరం కోర్ ఐ5 యూ రకం గానీ ధారాళంగా సరిపోతుంది. అంతకు మించినదానికి డబ్బు పోయనక్కరలేదు.

మీ అబ్బాయికి ఇక తరగతి గది, నల్లబల్ల, పుస్తకం అన్నీ ఆ తెరే. రోజుకు ఐదారు గంటలు దాన్నే చూస్తాడు. అయినా కొనేటప్పుడు తెర గురించి అడిగేవారు అరుదు. 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లకు తగ్గకూడదు. చౌకవాటిలో ఇంకా 1366 అడ్డం 768 తెరలు వస్తున్నాయి, వాటి మీద పాఠాన్నీ కోడ్‌నూ పక్కపక్కన పెట్టుకోవడం కుదరదు. ఏ వైపునుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం తెర అవునో కాదో పరీక్షించడం తేలిక: ఒక తెల్లటి పేజీ తెరిచి, తెరను నెమ్మదిగా వెనక్కీ ముందుకీ వంచి చూడండి. అక్షరాలు పాలిపోయి, తెలుపు బూడిద రంగుకు తిరిగితే ఆ లాప్‌టాప్ వద్దు. అక్కడే కెమెరా కూడా తెరిచి అబ్బాయి ముఖం స్పష్టంగా పడుతోందేమో చూసుకోండి, నిఘా పరీక్షలకు అది ముఖ్యం. కీబోర్డు మీద వాడిచేతనే పది వాక్యాలు టైపు చేయించండి.

బ్యాటరీ ఇన్ని గంటలు వస్తుందన్న ప్రకటనను పక్కన పెట్టి, బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత అయిన వాట్ అవర్ ఎంత అని అడగండి. పాఠాలు వింటూ రాసుకునేటప్పుడు ఇలాంటి లాప్‌టాప్ సగటున ఎనిమిది వాట్లు తీసుకుంటుందనుకుంటే, 50 వాట్ అవర్ బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది, 41 అయితే ఐదు. బెస్కాంవారు కరెంటు తీసినప్పుడు లాప్‌టాప్ నడుస్తుంది గానీ వైఫై రూటర్ ఆగిపోతుందని మరిచిపోకండి. ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే రూటరుకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి.

ఫైళ్ల నిల్వకు 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ భాగం) చాలు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఏ తేదీనుంచి మొదలైందో చూసుకున్నాకే ఇంటికి తెచ్చుకోండి.

మరొక్క మాట. ఈ కోర్సులో క్వాలిఫయర్ అని ముందు నాలుగు వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆ తరువాత కేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష ఉంటాయి. ఆ నాలుగు వారాలకు ఎలాంటి కంప్యూటర్ అయినా సరిపోతుంది. పక్కింటివారిని ఆ పాత లాప్‌టాప్ అమ్మమని కాక, ఒక నెల ఎరువివ్వమని అడగండి. మీ అబ్బాయి పరీక్షలో గట్టెక్కాక, ఆ విడతకు ఐఐటీవారు ఇచ్చే విద్యార్థి నిబంధనల పత్రంలో కంప్యూటర్ గురించి ఏం రాశారో వాడిచేతే చదివించి, అప్పుడు ఎస్.పి. రోడ్డుకు వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: నా వయసు 46. చెన్నైలో తాంబరంలో ఉంటాం. పిల్లలు పెద్దవాళ్లయ్యారని దూరవిద్యలో తెలుగు ఎం.ఏ.లో చేరాను. నా దగ్గర పది అంగుళాల టాబ్లెట్ ఉంది. దానికి కీబోర్డు తగిలిస్తే సరిపోతుందా, లేక లాప్‌టాప్ తప్పదా?
— ఒక గృహిణి, తాంబరం

జవాబు: ముందుగా మీకు నా అభినందనలు. చదవడానికి, పాఠాలు వినడానికి ఆ టాబ్లెట్ చక్కగా సరిపోతుంది, దాన్ని వదలకండి. అసైన్‌మెంట్లను చేతితో రాసి పంపమనే విశ్వవిద్యాలయమైతే లాప్‌టాప్ అవసరమే లేదు. టైపు చేసి పంపాలంటే మాత్రం పది అంగుళాల తెర మీద ఇరవై పేజీల వ్యాసం దిద్దుకోవడం మెడకూ కళ్లకూ శిక్షే. మీకు 8 జీబీ ర్యామ్ ఉన్న సాదా లాప్‌టాప్ చాలు. పై జవాబులో తెర గురించి, కీబోర్డు గురించి చెప్పినవి మీకూ వర్తిస్తాయి. తెలుగు కోసం విడిగా ఏమీ కొనవద్దు. విండోస్ సెట్టింగుల్లో భాషల జాబితాకు తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫోనెటిక్ కీబోర్డు కూడా ఉంది. దుకాణాల్లో కొందరు అను ఫాంట్లు వేసి ఇస్తామంటారు. అవి అచ్చు పనికి పుట్టినవి, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో మీ వ్యాసం తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌లో రాసి, పీడీఎఫ్‌గా మార్చి, మీ టాబ్లెట్‌లో ఒకసారి తెరిచి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే పంపండి.