బూట్‌లో లైసెన్స్ సర్వీస్ పడిపోతే లినక్స్ మళ్లీ ఎక్కించాలా?

సర్వర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్లెక్స్‌ఎల్‌ఎం (ఖరీదైన సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు పంచిపెట్టే ప్రోగ్రాం) లైసెన్స్ సర్వీస్ ఫెయిలవుతోందని, కాసేపాగి చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తోందని, లినక్స్ మళ్లీ ఎక్కించాలా అని అడిగారు. అస్సలు వద్దు. చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తోందంటే లైసెన్స్ ఫైలు బాగున్నట్టే. బూటయ్యే సమయానికి నెట్‌వర్కో, తేదీయో సిద్ధంగా ఉండటం లేదు.

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ల్యాబులో అచ్చం ఇదే చూశాను. "పొద్దున్నే మొండికేస్తాదన్నా, కాసేపాగితే అదే పనిచేస్తాది" అన్నాడు టెక్నీషియన్. టూల్స్ అమ్మిన డీలరేమో అంతా పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని ఫోన్లోనే చెప్పేశాడట. లాగ్‌లో ఏముందని ఒక్క మాట అడగలేదు! ఈ అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాపం ఆ పిల్లలు ల్యాబ్ పీరియడంతా ఖాళీగా కూర్చునేవాళ్లు.

లైసెన్స్ సర్వీస్ ఏం చేసిందీ రాసుకునే డీబగ్ లాగ్ తెరిచాం. ఫ్లెక్స్‌ఎల్‌ఎంలో ముందు స్టార్టయ్యే మేనేజర్ ప్రోగ్రాం ఎల్‌ఎంజీఆర్‌డీ బాగానే లేచింది. దాని వెనకాలే వెండర్ డీమన్ (టూల్స్ కంపెనీ లైసెన్సులు ఇచ్చే ప్రోగ్రాం) "నో ఫీచర్స్ టు సర్వ్, ఎగ్జిటింగ్", అంటే ఇవ్వడానికి లైసెన్సులేం లేవు, అని రాసి ఆగిపోయింది. పైన స్టార్టయిన లైన్లో తేదీ చూస్తే కొన్నేళ్ల కిందటిది! ఆ తేదీకి వీళ్ల లైసెన్స్ ఇంకా మొదలే కాలేదు.

సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు కరెంటు మెయిన్ ఆపేస్తారు. సర్వర్ మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్ 2032 బ్యాటరీ చచ్చిపోయింది, గడియారం రాత్రి నిలవడం లేదు. పొద్దున క్రోనీ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసేలోపే సర్వీస్ పడిపోతోంది. టవర్ క్లాక్ దగ్గర వాచీల షాపులో కొత్త బిళ్ల తెచ్చాం. 3 వోల్టులు ఉండాల్సిన పాత బిళ్ల మల్టీమీటర్ మీద 2 కూడా చూపలేదు. మర్నాడు సర్వీస్ తనంతట తనే లేచింది. లక్షలు పోసి టూల్స్ కొంటారు, సర్వర్‌ని మాత్రం కిటికీ పక్కన దుమ్ములో పెడతారు, యూపీఎస్ కూడా ఉండదు.

మీరు కూడా ముందు లాగ్‌లో తేదీ చూడండి. అది సరిగ్గా ఉంటే నెట్‌వర్క్ సంగతి చూడాలి. ఏదైనా సరే, లైసెన్స్ సర్వీస్ ఎప్పుడు స్టార్టవ్వాలో చెప్పే సర్వీస్ ఫైల్లో ఆఫ్టర్ లైన్‌కి నెట్‌వర్క్-ఆన్‌లైన్, టైమ్-సింక్ టార్గెట్లు రెండూ, వాంట్స్ లైన్‌కి నెట్‌వర్క్-ఆన్‌లైన్ చేర్చి, టైము సరయ్యేదాకా ఆగే క్రోనీ-వెయిట్ సర్వీస్ ఎనేబుల్ చేయండి. పనిలో పనిగా లైసెన్స్ ఫైల్లో వెండర్ లైన్‌కి కూడా ఒక పోర్టు ఖాయం చేసేయండి. లేకపోతే రీస్టార్టయినప్పుడల్లా డీమన్ వేరే పోర్టు పట్టుకుని ఫైర్‌వాల్ దగ్గర ఇరుక్కుంటుంది.