ఒకే హెడర్ అని ధీమాగా ఉండకు చిన్నీ

చిన్నీ,

బాలానగర్‌లో మీ వాళ్లు పాత 32 బిట్ సెన్సర్ ప్రోగ్రామ్‌ను అలాగే ఉంచి, పక్కనే కొత్త 64 బిట్ కంట్రోల్ ప్రోగ్రామ్ నడపబోతున్నారనీ, ఆ పని నీకే అప్పగించారనీ మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల, ప్రతి పనీ గడువులోగా చేసి తీరాల్సిన రియల్‌టైమ్ సిస్టమ్ మీద చెయ్యి వేస్తోందంటే ఎంత సంతోషమేసిందో! కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

తేలికవి ముందు చెప్పేస్తా. 64 బిట్ లైనక్స్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ నడవాలంటే దాని 32 బిట్ లైబ్రరీలూ ఉండాలి. ఒకే ప్రాసెస్‌లో రెండూ కలవవు. ప్రియారిటీలు, మెమరీ లాక్ చెయ్యడం నీకు తెలిసినవే.

నా భయమంతా రెంటి మధ్యా పెట్టే షేర్డ్ మెమరీ, అదే రెండు ప్రోగ్రాములూ వాడుకునే ఉమ్మడి జాగా గురించే. "రెండింటికీ హెడర్ ఒకటే, బాబాయికి టెన్షన్ ఎందుకు" అన్నావట. డేటా అమరిక రాసిన ఆ హెడర్ ఫైలు ఒకటైతే చాలన్న మాట నా దగ్గర అనకు.

చర్లపల్లిలో ఒకచోట ఫర్నేస్‌కి ఇలాగే చేశారు. గొడవ అయ్యాక నన్ను పిలిచారు. స్ట్రక్చర్‌లో, అంటే ఆ డేటా అమరికలో, మూడే ఫీల్డులు: వరుస సంఖ్య ఒక ఇంట్ (4 బైట్ల పూర్ణాంకం), ఉష్ణోగ్రత ఒక డబుల్ (8 బైట్ల దశాంశ సంఖ్య), చివర స్టేటస్ ఇంకో ఇంట్. హెడర్ ఒకటే, కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. కానీ ఇంటెల్ 32 బిట్ లైనక్స్‌లో ఆ డబుల్ 4వ బైట్ దగ్గర మొదలవుతుంది, 64 బిట్‌లో మధ్య 4 బైట్లు ఖాళీ వదిలి 8వ బైట్ దగ్గర. పాత ప్రోగ్రామ్ లెక్కలో మొత్తం 16 బైట్లు, కొత్తదాని లెక్కలో చివరి ఖాళీతో కలిపి 24. కొత్తది చదివింది సగం ఉష్ణోగ్రత, సగం స్టేటస్. సంఖ్య పెద్దదో చిన్నదో తేల్చే పై సగంలో పడ్డ స్టేటస్ సున్నా కాబట్టి వచ్చిన విలువ కూడా దాదాపు సున్నాయే. పిచ్చి అంకె వచ్చి ఉంటే రేంజ్ చెక్ పట్టేసేది. సున్నా డిగ్రీలు రేంజ్‌లోనే ఉందాయె! ఫర్నేస్ చల్లగా ఉందనుకుని హీటర్లకు ఫుల్ పవర్ ఇస్తూనే పోయింది. ఒక్క డెడ్‌లైన్ తప్పలేదు, తప్పుడు ఆదేశం ప్రతి సైకిల్లోనూ ఠంచనుగా వెళ్లింది. విడిగా పెట్టిన ఓవర్ టెంపరేచర్ స్విచ్ కరెంటు కట్ చేసింది గనక బతికిపోయారు. ఆ ఫర్నేస్ తలుపు దగ్గర నిలబడే ఆపరేటర్‌ది నీ వయసే, తల్లీ.

అందుకని ఆ మెమరీలో లాంగ్ అనే పూర్ణాంకం, పాయింటర్ అనే మెమరీ చిరునామా పెట్టకు. అవి 32 బిట్‌లో 4 బైట్లు, 64 బిట్ లైనక్స్‌లో 8. సైజు ఖాయంగా తెలిసిన టైపులే వాడు. మధ్య ఖాళీలకు నువ్వే ఫీల్డులు రాసి పూరించు, ప్రతి ఆఫ్‌సెట్‌నూ, అంటే ఫీల్డు మొదలయ్యే బైట్‌ను, రెండు బిల్డుల్లోనూ కంపైల్ అయ్యేటప్పుడే తప్పు పట్టే స్టాటిక్ అసర్ట్‌తో చూడు. ఒకరు వాడుతుంటే ఇంకొకరిని ఆపే తాళం, ఆ పీథ్రెడ్ మ్యూటెక్స్‌ను రెంటికీ ఉమ్మడిగా పెట్టకు. ఇంటెల్ మీద లైనక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో దాని సైజు 32 బిట్‌లో 24 బైట్లు, 64 బిట్‌లో 40. టైమ్ కూడా 64 బిట్‌లోనే పంపు. 32 బిట్ సెకన్ల లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది, మీ మెషిన్ అప్పటికీ నడుస్తూనే ఉండొచ్చు.

టెస్ట్ చేసేటప్పుడు స్టేటస్‌ను సున్నాగా వదలకు, మార్చి మార్చి చూడు. అర్ధరాత్రి దాకా కూర్చుని చెయ్యకు. తిని, పడుకుని, పొద్దున్నే చెయ్యి. ఓవర్ టెంపరేచర్ స్విచ్ మాత్రం ఏ ప్రోగ్రామ్ చేతిలోనూ ఉండకూడదు. మేనేజర్ ఒప్పుకోకపోతే పోట్లాడు.

ఆదివారం ఆ హెడర్ ప్రింట్ తీసుకుని ఇంటికి రా. ఇద్దరం కూర్చుని ఒక్కో బైటూ లెక్కపెడదాం.

మీ బాబాయి