విమానం ఇంజిన్ కోసం 401కె అప్పా? కాస్త ఆగండి

ప్రశ్న: మాది డాలస్ దగ్గర. నాలుగేళ్లుగా గరాజ్‌లో వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ-7 కిట్ విమానం కడుతున్నాను. తోక, రెక్కలు అయ్యాయి, ఫ్యూజలాజ్ (విమానం మధ్య భాగం) సగంలో ఉంది. ఇంజిన్ ధరలు పెరుగుతూనే ఉన్నాయి కాబట్టి 401కె (ఆఫీసు రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి 45,000 డాలర్లు అప్పు తీసి ఇప్పుడే కొనేద్దామని నా ఆలోచన. మా ఆవిడ వద్దంటోంది. అమ్మాయి టెన్త్ గ్రేడ్. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు నెలనెలా పంపాలి. ఏం చేయమంటారు?

జవాబు: కనీసం ఇంజిన్ విషయంలో మీ ఆవిడ మాట వినండి. ఫ్యూజలాజ్ సగంలో ఉందంటే ఆ మిగతా సగం, ఫినిషింగ్ కిట్, పైన క్యానపీ (కాక్‌పిట్ మీద పారదర్శకమైన మూత), వైరింగ్, ఇవన్నీ ఇంకా ఉన్నాయి, మీరు వెళ్తున్న వేగానికి ఇంజిన్ బిగించడానికి తేలిగ్గా రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా అది పెట్టెలో ఊరికే ఉండాలి, తిరగని ఇంజిన్‌కి లోపల తుప్పు భయం. ప్రిజర్వేషన్ ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్గుల చోట తేమ పీల్చే ప్లగ్గులు బిగించి, వాటిలో నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగినప్పుడల్లా మార్చుకుంటూ కూర్చోవాలి. అప్పు తెచ్చి మరీ ఈ కాపలా ఎందుకండీ?

ఇక 401కె అప్పు మామూలుగా ఐదేళ్లలో తీర్చాలి. ఇవాళ తీసుకుంటే మూడో ఏడు నుంచి అమ్మాయి కాలేజీ ఫీజులు, ఈ అప్పు వాయిదా కోత రెండూ ఒకే జీతం మీద పడతాయి. మధ్యలో లేఆఫ్ వచ్చిందనుకోండి, మిగిలిన బాకీని ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసు 59½ లోపు ఉంటే సాధారణంగా పైన 10 శాతం పెనాల్టీ కూడా. ఉద్యోగం పోయిన నెలల్లో ఆ టెన్షన్ కూడా అవసరమా? ధర పెరుగుతుందన్న భయం నిజమే, కాదనను. కానీ ముందే డబ్బు కడితే ధర ఖాయమని కూడా అనుకోకండి. 2023 డిసెంబర్‌లో వ్యాన్స్ దివాలా రక్షణకు వెళ్లినప్పుడు, అడ్వాన్సు కట్టిన చాలామందికి ఎక్కువ ధర ఒప్పుకోక తప్పలేదు.

మీకు కలిసొచ్చేదేంటంటే ఈ కిట్ తోక, రెక్కలు, ఫ్యూజలాజ్, ఫినిషింగ్ అని విడివిడిగా అమ్ముతారు. అందుకే విమానానికి వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. కంపెనీ తన వంతుగా వేసే మ్యాచ్ పూర్తిగా వచ్చేంత 401కె, అమ్మాయి చదువు పొదుపు ఖాతా 529, గుంటూరు డబ్బు, ఆరు నెలల ఇంటి ఖర్చు నిల్వ, ఇవి పోగా మిగిలిందే అందులోకి. ఖాతాలో లేకపోతే ఆర్డర్ లేదు, అంతే. పని మాత్రం ఆపక్కర్లేదు, అంచులు నున్నగా రుద్దడం, రివెట్లు కొట్టడం గంటలు తింటాయి గానీ డాలర్లు పెద్దగా తినవు.

గంటల లెక్క కూడా ఇంట్లో చెప్పేయండి. ఆర్‌వీ-7 కట్టినవాళ్లు ఎక్కువగా 1,500 నుంచి 2,000 గంటలు చెబుతారు. వారానికి ఆరు గంటల చొప్పున ఏడాదికి సుమారు 300, అంటే ఆరేళ్ల పని, మీరు దారిలోనే ఉన్నారు. ఆ ఆరు గంటలు ఏ రోజు, ఎప్పటినుంచి ఎప్పటివరకు అన్నది మీ ఆవిడతో కూర్చుని తేల్చుకుంటే, మిగతా శనివారాల గురించి గొడవ ఉండదు. (ఫ్యూజలాజ్ రివెట్లకు చాలాచోట్ల బయట రివెట్ గన్ పట్టేవాళ్లు ఒకరు, లోపల బకింగ్ బార్ (రివెట్ వెనక ఆనించే ఇనుప దిమ్మ) ఆనించేవాళ్లు ఇంకొకరు కావాలి. అమ్మాయిని అడిగి చూడండి, చెవులకు రక్షణ మర్చిపోకండి.)

దీన్ని పెట్టుబడి అని మాత్రం ఎవరితోనూ అనకండి. సగం కట్టిన విమానం అమ్మితే మీ శ్రమకు విలువ కట్టేవాళ్లు ఉండరు. ఎగిరాక హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, పెట్రోలు ప్రతి నెలా ఉంటాయి. కట్టినవారు మీరే కాబట్టి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) దగ్గర రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఏటా చేయాల్సిన తనిఖీ మీరే చేసుకోవచ్చు, అదొక్కటి ఆదా. దగ్గరి ఎయిర్‌పోర్టులో హ్యాంగర్ అద్దె ఎంతో, వెయిటింగ్ లిస్టు ఎంత పొడవుందో ఇప్పుడే కనుక్కుని, ఆ మొత్తాన్ని ఒక ఆరు నెలలు ఉత్తినే పక్కన పెట్టి చూడండి. ఇల్లు ఇబ్బంది పడితే అప్పుడే తెలుస్తుంది.

ఈ వారం చేయాల్సింది ఇంకొకటి. మీ టర్మ్ పాలసీ, ఆఫీసు వాళ్ల ప్రమాద బీమా కాగితాలు తీసి, సొంతంగా విమానం నడిపేవారి గురించి ఏం రాశారో చదవండి. కొన్నింటిలో పైలట్‌గా ఎగురుతూ చనిపోతే పైసా రాదు. కొత్త పాలసీ కావాలంటే ఆరోగ్య పరీక్షలు, పైలట్ గంటల వివరాలు అడుగుతారు, దానికి కొంత టైమ్ పడుతుంది.