దొంగతనం ఎక్కడ జరిగినా పోలీసులు మా ఇంటికే వస్తున్నారు

ప్రశ్న: మాది ఎరుకల కుటుంబం. కోస్తాలో ఒక టౌన్ పక్కన ఉంటాం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా మీద ఒక్క కేసు కూడా లేదు. మా తాత మీద మాత్రం ఎప్పుడో ఉండేవంటారు. టౌన్‌లో ఎక్కడ దొంగతనం జరిగినా రాత్రికి రాత్రే జీపు మా వీధికి వస్తుంది. ‘ఊరికే మాట్లాడాలి రా’ అని తీసుకెళ్లి, రెండేసి రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టి, వేలిముద్రలు, ఫొటోలు తీసుకుని పంపేస్తారు. మొన్న ఇంటర్ చదివే మా తమ్ముణ్ని కూడా తీసుకెళ్లారు. వాడికి పదిహేడేళ్లు. చట్టంలో దీనికి దారి ఉందా సార్? లేక ఊరు మారిపోవడమే మంచిదా?

జవాబు: ఎరుకల లాంటి కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసిన బ్రిటిష్ చట్టం 1871 నాటిది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. 1952లో దేశమంతటా రద్దయింది. మీ జీతం చూడకుండా మీ తాత పేరు చూసి జీపు వస్తోందంటే చట్టం పోయినా స్టేషన్‌లో ఆ అలవాటు పోలేదన్నమాట. ఈ సంగతి సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. 2024 అక్టోబరు 3న, జైళ్లలో కుల వివక్ష మీద సుకన్యా శాంత కేసులో ఇచ్చిన తీర్పులో, విముక్త జాతుల వాళ్లను, అంటే ఆ పాత చట్టం రద్దుతో ఆ ముద్ర పోయినవాళ్లను, ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా పాత మార్గదర్శకాలను పాటించాలని పోలీసులను ఆదేశించింది. మీ అర్జీలో ఈ తీర్పు పేరు తప్పకుండా రాయండి.

ఇక చట్టం సంగతి. ‘ఊరికే మాట్లాడాలి’ అని రెండు రోజులు కూర్చోబెట్టే అధికారం ఎవరికీ లేదు. సాక్షిగా పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 179 ప్రకారం రాతపూర్వకంగా పిలవాలి. నిందితుడిగా అనుమానిస్తే, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా ముందు సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. రాత్రిపూట ఇంట్లో జొరబడి చేసిన దొంగతనానికి శిక్ష చాలా పెద్దది, అక్కడ నేరుగా అరెస్టు చేయవచ్చు. అయినా మీ మీద అనుమానానికి ఒక కారణం ఉండాలి, ఆ కారణం మీకు చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కులం కారణం కాదు. తాత మీద ఉన్న కేసులూ కారణం కావు.

వేలిముద్రల విషయంలో 2022 నాటి గుర్తింపు చట్టం అరెస్టయినవాళ్ల నుంచీ, శిక్ష పడినవాళ్ల నుంచీ తీసుకోనిస్తుంది. అరెస్టు లేకుండా తీసుకోవాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పాత శిక్షలేవీ లేనివాళ్లను విచారణ లేకుండా వదిలేస్తే ఆ రికార్డులు చెరిపేయాలి, లేకపోతే 75 ఏళ్లు ఉంచుకోవచ్చని అదే చట్టం చెబుతోంది. అందుకే దీన్ని తేలిగ్గా వదలొద్దు.

మీ తమ్ముడి సంగతి ఇంకా సీరియస్. పద్దెనిమిది నిండనివాణ్ని ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టకూడదు. పట్టుకుంటే ప్రత్యేక జువైనల్ పోలీసు విభాగానికో, పిల్లల సంక్షేమ పోలీసు అధికారికో అప్పగించి, 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. వాడి పదో తరగతి మార్కుల మెమో కాపీ ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో పోలీసుల బలమంతా కాగితం లేకపోవడంలోనే ఉంటుంది. మీరు ఆ రెండు రోజులు స్టేషన్‌లో ఉన్నట్టు వాళ్ల రికార్డులో ఉండదు. ఆ ఆధారం మీరే కూడబెట్టుకోవాలి. మిమ్మల్ని తీసుకెళ్లిన వెంటనే మీ అమ్మగారో, భార్యో 112కు ఫోన్ చేయాలి. కాల్ నమోదవుతుంది. తర్వాత ఎస్పీకి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో టైము, తీసుకెళ్లినవాళ్ల పేర్లు, జీపు నంబరు రాసి పంపాలి. 24 గంటలు దాటినా వదలకపోతే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయవచ్చు. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి.

బయటికి వచ్చాక, ఫలానా తేదీల సీసీ కెమెరా ఫుటేజీని భద్రపరచమని అదే వారంలో ఎస్పీకి స్పీడ్ పోస్టులో రాయండి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలనీ, రికార్డింగు కనీసం ఏడాది నిల్వ చేయాలనీ 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘కెమెరా పనిచేయడం లేదు’ అన్న జవాబు వచ్చినా మంచిదే, అది రాతలో వస్తుంది కాబట్టి. కొట్టి ఉంటే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసుగా, అంటే గాయాలు చట్టపరమైన ఆధారంగా నమోదయ్యేలా, రాయించండి. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపే ఫిర్యాదు చేయాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టమని మీ వాళ్లు చెప్పి ఉంటారు. తప్పుడు కేసు బనాయిస్తే ఆ చట్టం వర్తిస్తుంది, కానీ మీ మీద ఇంకా కేసే పెట్టలేదు. పైగా ఆ అధికారి కూడా ఎస్సీనో ఎస్టీనో అయితే అది నిలవదు. ముందు కాగితాలు కూడనివ్వండి.

ఊరు మారడం గురించి అడిగారు. మీ పేరు మీద సస్పెక్ట్ షీటు (అనుమానితుల మీద నిఘాకు స్టేషన్‌లో ఉంచే రికార్డు) తెరిచి ఉంటే, మీరు ఎక్కడికి వెళితే అక్కడి స్టేషన్‌కు ఆ సమాచారం వెళుతుంది. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన వర్గాల వాళ్ల పేర్లు యాంత్రికంగా ఇలాంటి షీట్లలోకి ఎక్కకుండా చూడాలనీ, పెద్ద అధికారి ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. మీ పేరూ తమ్ముడి పేరూ ఏ షీటులోనైనా ఉన్నాయా, ఉంటే ఏ కారణంతో అని ఎస్పీకి అర్జీ, దానితోపాటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రహస్యమని జవాబు ఇవ్వకపోయినా, షీటు ఉందని చెప్పి తీసేయకపోయినా హైకోర్టులో రిట్ వేయవచ్చు. అది తేలేదాకా ఇల్లు ఖాళీ చేయకండి.