బడి దరఖాస్తులో ‘మాతృభాష’

ప్రశ్న: మాది పెరంబూరు. మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లం. తమిళ బడిలో చదివిన మా అబ్బాయి సింగపూరులో స్థిరపడ్డాడు. మనవరాలిని ఒకటో తరగతిలో వేస్తుంటే, మాతృభాషగా ఏది చదివిస్తారో చెప్పమన్నారట. అందులో తెలుగే లేదు! తమిళాన్ని మా మాతృభాష అని ఎలా ఒప్పుకోవడం? అసలు తమిళానికి అక్కడ అంత పెద్దపీట ఎందుకు?
– ఒక నానమ్మ

జవాబు: నానమ్మగారూ, మా అమ్మాయి కూడా అక్కడే ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఆ ఇంట్లోనూ ఇదే టెన్షన్.

అక్కడి బడుల్లో మాతృభాష అంటే ఇంట్లో మాట్లాడే భాష అని కాదు. పిల్ల ఏ జాతి కింద నమోదైతే ఆ జాతికి కేటాయించిన భాష. ఇంట్లో హొక్కియన్, కాంటనీస్ మాట్లాడుకునే చైనా కుటుంబాల పిల్లలకూ బడిలో నేర్పేది మాండరినే. 1979 నుంచి ప్రభుత్వం ‘మాండరిన్ మాట్లాడండి’ అని ఊరూవాడా ప్రచారం చేసింది. మనవలతో మాట కలవని అవ్వలు వాళ్లలోనూ ఉన్నారు. మీ బాధ వాళ్లకి చెబితే అర్థమవుతుంది.

ఇక తమిళం సంగతి. 1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫిల్స్ అక్కడ దిగిన ఏడాదే, నారాయణ పిళ్లై అనే ఆయన పెనాంగ్ దీవి నుంచి వచ్చి ఇటుకల బట్టీ పెట్టాడు. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో 1827లో వెలసిన మారియమ్మ గుడి ఆయన చలవే. 1867 దాకా ఆ ఊరి పాలన మన దేశం నుంచే సాగింది. ఇక్కడి ఖైదీలను తీసుకెళ్లి రోడ్లు వేయించారు, సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టించారు. ఆ చర్చి లోపలి గోడలకు పూసింది మద్రాసు సున్నం. గుల్ల సున్నంలో గుడ్ల తెల్లసొన, ముతక చక్కెర వేసి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లతో కలిపి, పూశాక రాయితో నున్నగా రుద్దేవారు. ఆ గోడమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయాను. ట్రిప్లికేన్‌లో మా తాతగారింటి నడవ గుర్తొచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం వీపు ఆనిస్తే అదే చల్లదనం.

1964లో చైనీయులకూ మలయ్‌లకూ మధ్య అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఆగస్టు 9న సింగపూరు మలేషియా నుంచి విడిపోయి వేరే దేశంగా ఏర్పడింది. జనంలో నాలుగింట మూడొంతులు చైనీయులే అయినా జాతీయ భాష మలయ్, జాతీయ గీతమూ మలయ్‌లోనే. దానితోపాటు మాండరిన్, తమిళం, ఇంగ్లీషు అధికార భాషలు. భారతీయుల్లో తమిళులే ఎక్కువ కాబట్టి మనందరి తరఫునా తమిళానికి చోటు దక్కింది. నాకైతే ఇది సబబుగానే తోస్తుంది.

మన జాడ లేదనుకోకండి. మలయ్‌లో భాష ‘బహాస’, పేరు ‘నామ’, భార్య ‘ఇస్తెరి’, భర్త ‘సువామి’. ఆ ఊరి పేరు సింగపుర, అంటే సింహపురి. మన నెల్లూరు పాత పేరు విక్రమసింహపురి కాదూ! మన తీరం నుంచి వెళ్లినవాళ్లను ‘కెలింగ్’ అనేవారు, కళింగం నుంచి వచ్చిన మాట. ఇప్పుడది తిట్టు కింద లెక్క, అక్కడికి వెళ్లినప్పుడు పొరపాటున కూడా అనకండి.

హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా కొన్ని బడుల్లో ఎంచుకోవచ్చు. నా మాట వింటే తమిళమే తీసుకోమనండి. హోంవర్కు మీ అబ్బాయే చూసుకోగలడు. తెలుగు మీ బాధ్యత. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అందుకని నేను సాయంత్రం ఐదింటికల్లా ఫోన్ చేసి మా మనవడిచేత రోజుకు నాలుగు మాటలు చదివిస్తాను. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా, మావాడు ‘గంప’ను ‘కంప’ అని చదివాడు. వంటింట్లోంచి పూలగంప తెచ్చి ఫోన్లో చూపించాను. మర్నాడు వీధి చివర నుంచి తుమ్మకంప తెచ్చి అదీ చూపించాను. మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. మీరు కూడా క-గ, త-ద, ప-బ జంటలతోనే మొదలుపెట్టండి.