మేనల్లుడికి: మూడు ఎలీట్ దళాల్లో ముందు ఏది కొనాలి?

విజయనగరం

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బొమ్మ సైనికులతో, పాచికలతో బల్లమీద ఆడే వార్‌హామర్‌లో నీ హై ఎల్వ్స్ సైన్యానికి స్వోర్డ్‌మాస్టర్స్, వైట్ లయన్స్, ఫీనిక్స్ గార్డ్ అనే మూడు మేటి దళాల్లో ఏది గొప్పదని అడిగావు. ఒక్క దళానికే డబ్బులున్నాయని కూడా రాశావు. సూటిగా చెప్తున్నా, ముందు వైట్ లయన్స్ తీసుకో. కానీ ఎందుకో తెలుసుకోకుండా మాత్రం కొనొద్దు. మీ స్నేహితుడు రేపు తన డ్వార్ఫ్స్ అనే మరుగుజ్జు యోధుల సైన్యాన్ని వదిలేసి ఇంకో సైన్యం పట్టుకుంటే, అప్పుడు నీ లెక్క నువ్వే వేసుకోవాలి కదా.

శ్రీకాకుళంలో మీరిద్దరూ ఆడుతున్నది వార్‌హామర్ ఎనిమిదో ఎడిషన్, అంటే 2010 నాటి రూల్స్. నీ దగ్గరున్న హై ఎల్వ్స్ పుస్తకం 2013లో వచ్చింది. నేను రాసే అంకెలన్నీ వాటివే. 2024 జనవరిలో వచ్చిన ఓల్డ్ వరల్డ్ అనే వార్‌హామర్ ఆట రూల్స్ వేరు. వాటికోసం ఎవరో రాసిన పోలికలు చదివి తికమకపడకు.

ముందు కొట్టే సంగతి చూద్దాం. స్వోర్డ్‌మాస్టర్‌కి రెండు దెబ్బలు, పెద్ద కత్తితో బలం 5. వైట్ లయన్‌కి ఒక్కటే దెబ్బ, గొడ్డలితో బలం 6. ఫీనిక్స్ గార్డ్‌కీ ఒక్కటే, హాల్‌బర్డ్ అనే పొడుగుకర్ర గొడ్డలితో బలం 4. ఇది చూడగానే కుర్రాళ్లందరూ స్వోర్డ్‌మాస్టర్స్ వైపు వెళ్లిపోతారు. నువ్వూ వెళ్లబోతున్నావని నీ ఉత్తరంలోనే తెలిసిపోయింది. అయితే రెండు దెబ్బలు ముందు వరుసకే. వెనక నుంచి సాయం కొట్టేవాళ్లు ఎవరైనా ఒక్క దెబ్బే కొట్టాలి. హై ఎల్వ్స్‌కి ఉన్న ప్రత్యేక రూల్ వల్ల మూడు వరుసలూ కొడతాయి. ఐదుగురి వెడల్పున నిలబెడితే స్వోర్డ్‌మాస్టర్స్‌కి 20 దెబ్బలు, లయన్స్‌కి 15. ఎదురుగా మీవాడి రెండుచేతుల గొడ్డళ్ల డ్వార్ఫ్స్ ఉన్నారనుకో. సగటున స్వోర్డ్‌మాస్టర్స్ తొమ్మిదిమందిని పడగొడతారు, లయన్స్ ఎనిమిదికి కాస్త పైన. అంత పేరున్న రెండు దెబ్బలకి దక్కేది ఒక్క డ్వార్ఫ్ ఎక్కువ, అంతే! ఫీనిక్స్ గార్డ్ తప్పిన పాచికలు మళ్లీ వేసుకున్నా ఐదారుగురిని మించి పడగొట్టలేరు.

నిండా కవచం తొడిగిన కేయాస్ నైట్స్ లాంటివాళ్లు ఎదురైతే లెక్క తారుమారవుతుంది. బలం 6 ముందు కవచం మూడు మెట్లు దిగిపోతుంది, బలం 5 ముందు రెండే. ఆ మూడు వరుసలతోనే లయన్స్ స్వోర్డ్‌మాస్టర్స్‌ని కొద్దిగా దాటేస్తారు.

అసలు విషయం మాత్రం దెబ్బలాట మొదలవకముందే తేలిపోతుంది. మీవాడి క్రాస్‌బోల రేంజ్ 30 అంగుళాలు. నీ ఎల్వ్స్ పరుగున వెళ్లినా టర్నుకి 10 అంగుళాలే. దగ్గరికి చేరేలోపు కనీసం రెండుసార్లు బాణాల వాన తినాలి. తగిలిన బాణాలు 18 అనుకుని వేసిన లెక్క ఇది. స్వోర్డ్‌మాస్టర్స్‌లో పదిమంది పోతారు, కత్తితో బాణాల్ని తప్పించే వాళ్ల నేర్పు కలిపినా ఎనిమిదికి తగ్గరు. లయన్స్‌లో ఆరుగురు పోతారు, భుజాన ఉన్న సింహం తోలు వల్ల బాణాలకి వాళ్ల ఆర్మర్ సేవ్, అంటే పాచిక వేసి కవచంతో దెబ్బ తప్పించుకునే వీలు, రెండు మెట్లు పెరుగుతుంది. ఫీనిక్స్ గార్డ్‌లో ఐదుగురు. తేడా ఎక్కడుందో చూశావా? పదిహేనుమందితో బయల్దేరిన స్వోర్డ్‌మాస్టర్స్ రెండో వరుస కూడా నిండకుండా చేరారంటే ఆ 20 దెబ్బలు ఎక్కడివి?

ఫిరంగి సంగతి వేరు. దానిముందు సింహం తోలు పనికిరాదు, కవచమూ పనికిరాదు. ఫీనిక్స్ గార్డ్‌కున్న నాలుగు ప్లస్ వార్డ్ సేవ్ ఒక్కటే నిలబడుతుంది, అంటే పాచిక మీద 4 గానీ అంతకు మించి గానీ పడితే దెబ్బ తప్పినట్టే. బుస్సీ ఫిరంగుల ముందు పరాక్రమం ఒక్కటీ చాలలేదని మన బొబ్బిలి కోట 1757లోనే చూసింది. మీవాడు రెండు ఫిరంగులు దించే రకమైతే నీ రెండో కొనుగోలు ఫీనిక్స్ గార్డ్ కావాలి. ఈలోగా లయన్స్‌ని లోతుగా పేర్చకు. గుండు వరుసకొకడి చొప్పున తీసుకుపోతుంది. 21 మందిని ఏడుగురి వెడల్పున మూడు వరుసలుగా నిలబెట్టు. అందరూ కొడతారు, గుండుకి ముగ్గురికి మించి పోరు.

లయన్స్‌నే ముందు తీసుకోమనడానికి ఇంకో కారణం ఉంది. నా మటుకు ఇదే పెద్ద కారణం. వాళ్లు మొండివాళ్లు. పోరులో ఓడిన దళం పారిపోకుండా నిలవాలంటే రెండు పాచికల మొత్తం దాని లీడర్‌షిప్ అంకెని దాటకూడదు, ఎంత తేడాతో ఓడితే ఆ అంకె అంత తగ్గుతుంది. లయన్స్‌కి మాత్రం ఎంత తేడాతో ఓడినా అది తగ్గదు, 8 మీదే పాచికలు వేస్తారు. ఫీనిక్స్ గార్డ్ లీడర్‌షిప్ 9, వినడానికి ఇదే ఎక్కువ. మూడు తేడాతో ఓడారనుకో, అది 6కి పడిపోతుంది. రెండు పాచికల 36 పాట్లలో ఫీనిక్స్ గార్డ్ నిలబడేవి 15, లయన్స్ నిలబడేవి 26. పక్కన బ్యాటిల్ స్టాండర్డ్, అంటే సైన్యం జెండా మోసేవాడు, ఉండి ఇంకోసారి వేసుకునే వీలుంటే లయన్స్ నూటికి 92 సార్లు పారిపోరు. నీది చిన్న సైన్యం. మధ్యలో ఒక్క దళం చెదిరితే ఆట అక్కడితో సరి. కదలకుండా నిలబడేవాళ్లు ఒక్కరున్నా నీ గుర్రపు దళం పక్కనుంచి తిరిగి వచ్చేదాకా టైమ్ దొరుకుతుంది. ఒక్క తేడాతో ఓడితే మాత్రం ఇద్దరూ సమానమే, అదీ గుర్తుంచుకో.

స్వోర్డ్‌మాస్టర్స్‌ని తక్కువ చేసి మాట్లాడటం లేదురా. ఎదుటివాడి దగ్గర బాణాలు లేకపోతే, గుంపులు గుంపులుగా వచ్చే గాబ్లిన్స్ లాంటివాళ్లయితే, వాళ్లని మించినవాళ్లు లేరు. నాకు చూడ్డానికి ఇష్టమైన బొమ్మలూ అవే. మీవాడి డ్వార్ఫ్స్ మీదకి మాత్రం వాళ్లది మూడో స్థానమే.

ఇక డబ్బు సంగతి. బొమ్మలకి ఆర్డర్ పెట్టకముందు అట్టముక్కలతో ఆడు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, ఆ అట్ట గట్టిగా ఉంటుంది. ఒక్కో సైనికుడికి 20 మిల్లీమీటర్ల చదరం కత్తిరించు. ఐదుగురు పక్కపక్కన నిలబడితే పది సెంటీమీటర్లు వస్తుంది. వెనక పేరు రాసుకో. మూడు దళాలకీ ముక్కలు చేసుకుని, మిగతా సైన్యం మార్చకుండా ఒక్కో ఆటలో ఒక్కోదాన్ని దించు. ప్రతిసారీ రెండు సంగతులు నోట్‌బుక్‌లో రాయి. మొదటి పోరు నాటికి ఎంతమంది మిగిలారు, ఆ దళం ఎన్నో టర్నులో చెదిరింది. ఎంతమందిని చంపారన్నది రాయకపోయినా పర్వాలేదు. మీవాడికీ ముందే చెప్పు, అట్టముక్కలని చిన్నచూపు చూడకుండా సరిగ్గా ఆడమని.

బల్లకి ప్లైవుడ్ షీట్ ఎనిమిది బై నాలుగు అడుగులది దొరుకుతుంది. షాపువాడి దగ్గరే రెండు అడుగులు కోయించెయ్, ఆరు బై నాలుగు మిగులుతుంది. ఆ కోసిన ముక్క ఇల్లూ గుట్టలూ చేసుకోవడానికి పనికొస్తుంది. రంగుల విషయంలో ఒక్క మాట. మన దగ్గర వానాకాలంలో గాలి చెమ్మగా ఉంటుంది, అప్పుడు స్ప్రే ప్రైమర్ కొడితే పొడిపొడిగా తెల్లటి పొర పట్టేస్తుంది. ఆ నెలల్లో బ్రష్‌తోనే పూయి, లేదా బాగా ఎండ కాసిన రోజు మధ్యాహ్నం కొట్టు.

దసరా అయ్యాక సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తారు కదా, నీ అట్టముక్కలూ ఆ నోట్‌బుక్కూ వెంట తీసుకురా. డ్వార్ఫ్స్ నేను ఆడతాను, రెండు ఫిరంగులతో. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

మీ మావయ్య