ఇంట్లో కూర్చుని ఆర్ఎన్ అవుతామా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 37 ఏళ్లు. గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక చాలా ఏళ్లు ఇంట్లోనే ఉన్నాను, పోయినేడాది గ్రీన్ కార్డు వచ్చింది. ఇప్పుడు ఒక ఫార్మసీలో టెక్నీషియన్‌గా వారానికి 30 గంటలు చేస్తున్నాను. మీకు నవ్వొస్తుందేమో గానీ, నర్స్ అవ్వాలని ఎప్పటినుంచో ఉంది. పిల్లలు ఇద్దరు, బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. ఫేస్‌బుక్‌లో ‘వంద శాతం ఆన్‌లైన్, 18 నెలల్లో ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్)’ అనే ప్రకటన చూసి నంబర్ ఇచ్చాను. అప్పటినుంచి రోజూ ఫోన్లు. ఈ వారంలో 500 డాలర్లు కడితే సీటు ఖాయం అంటున్నారు. ఉద్యోగం మానకుండా ఇంట్లోంచే చదవచ్చు కదా అని ఆశ. కట్టమంటారా? హైదరాబాద్‌లో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి నర్సుగా పనిచేస్తున్న మా చెల్లి కూడా ఆన్‌లైన్ డిగ్రీ గురించి అడుగుతోంది.

జవాబు: కట్టకండి. ఆ మాట ముందు చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. ఇందులో నవ్వడానికేమీ లేదు, 37కి మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ ప్రతి క్లాసులోనూ ఉంటారు.

అసలు తికమకంతా ఎక్కడుందంటే, ఆర్ఎన్ అనేది డిగ్రీ పేరు కాదు, లైసెన్సు పేరు. దాన్ని ఇచ్చేది కాలేజీ కాదు, రాష్ట్రపు నర్సింగ్ బోర్డు. మీకైతే టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్. బోర్డు ఆమోదం ఉన్న కోర్సు పూర్తిచెయ్యాలి, వేలిముద్రలు ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకోవాలి, టెక్సస్ నర్సింగ్ చట్టాల మీద ఒక చిన్న పరీక్ష రాయాలి, చివరికి ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఆ కోర్సులో పాఠాలు ఆన్‌లైన్‌లో ఉండొచ్చు, పరీక్షలు కూడా కెమెరా ముందు ఇంట్లోనే రాయించవచ్చు (మధ్యలో పాప తలుపు తోసుకుని లోపలికి వస్తే ఏమవుతుందో మాత్రం ముందే కనుక్కోండి). కానీ మంచం మీద ఉన్న మనిషికి ఇంజెక్షన్ ఇవ్వడం, డ్రెస్సింగ్ మార్చడం, కాన్పు దగ్గర నిలబడటం ల్యాప్‌టాప్‌లో వచ్చే పనులు కావు. టెక్సస్‌లో క్లినికల్ గంటల్లో, అంటే రోగుల దగ్గర పని నేర్చుకునే గంటల్లో, సగం వరకు సిమ్యులేషన్‌లో, అంటే బొమ్మ మనిషి మీద చేయించవచ్చు. ఆ బొమ్మ కూడా మీ ఇంటికి రాదు, మీరే కాలేజీకి వెళ్లాలి.

మరి వంద శాతం ఆన్‌లైన్ అనే మాట పూర్తిగా అబద్ధమా అంటే, కాదు. అది నిజమయ్యే చోటు ఒకటుంది. అప్పటికే ఆర్ఎన్ లైసెన్సు ఉన్నవాళ్లు బీఎస్ఎన్, అంటే నర్సింగ్ బ్యాచిలర్స్ డిగ్రీ చేసే కోర్సు, ఆర్ఎన్ టు బీఎస్ఎన్ అంటారు. దాన్ని ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు ఎంతోమంది, మీ దగ్గర్లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆర్లింగ్టన్‌కి ఆ కోర్సులో పెద్ద పేరు. ప్రకటనల వాళ్లు ఆ రెంటినీ కలిపేసి మాట్లాడతారు. కాబట్టి మీరు కోరుకున్న ఆన్‌లైన్ డిగ్రీ మీకు వస్తుంది, కాకపోతే ఆర్ఎన్ అయ్యాక వస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ వరస గురించే.

మీకు ఫోన్ చేస్తున్న వాళ్లు మోసగాళ్లని నేను అనడం లేదు. పేరూ ఊరూ ఉన్న కాలేజీ తరఫున ఫోన్ చేసే కమిషన్ ఏజెంట్లు కావచ్చు. రెండు ప్రశ్నలు అడగండి: మీ కోర్సుకి టెక్సస్ బోర్డు ఆమోదం ఉందా, క్లినికల్స్ ఏ ఆసుపత్రిలో, ఈ రెండూ ఈమెయిల్‌లో రాసి పంపండి అని. క్లినికల్స్ అవసరం లేదన్నా, మీరే ఎక్కడో చూసుకోవాలన్నా అక్కడితో ఆపేయండి. ఎందుకింత జాగ్రత్త అంటే, 2023 జనవరిలో ఇక్కడి న్యాయశాఖ ‘ఆపరేషన్ నైటింగేల్’ పేరుతో 25 మందిపై కేసు పెట్టింది. దక్షిణ ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ల పేరు మీద 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్మారని అభియోగం. కొన్నవాళ్లలో చాలామంది ఎన్‌క్లెక్స్ కూడా పాసై ఆసుపత్రుల్లో ఉద్యోగాలు చేస్తుండగా పట్టుబడ్డారు, లైసెన్సులు పోయాయి. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు, లైసెన్సు మీద మచ్చ పడితే మళ్లీ ఆ గడప ఎక్కలేం.

ఇక మీ బీఎస్సీ సంగతి. డిగ్రీ ఉన్నవాళ్ల కోసం యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అని 12 నుంచి 18 నెలల కోర్సు ఉంటుంది, ప్రకటనలోని 18 నెలలు బహుశా అక్కడి నుంచి పట్టుకొచ్చిందే. మనకి అక్కడ రెండు చిక్కులు. మన బీఎస్సీ మూడేళ్లది కాబట్టి చాలా కాలేజీలు దాన్ని అమెరికా బ్యాచిలర్స్‌తో సమానంగా చూడవు, మూడేళ్ల చదువుగానే లెక్కేస్తాయి. విదేశీ చదువుల్ని అమెరికా లెక్కలో చూసి చెప్పే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో కోర్సులవారీగా ట్రాన్స్‌క్రిప్ట్ ఎవాల్యుయేషన్ చేయించి చూడండి, తెలిసిపోతుంది. రెండోది, సీటు వచ్చినా సరే, మీకు నేను వద్దనే చెప్తాను. నాలుగేళ్ల కోర్సుని ఏడాదిన్నరలోకి కుక్కుతారు, ఆ సమయంలో ఉద్యోగం పెట్టుకోవద్దని కాలేజీలే చెప్తాయి. వారానికి 30 గంటల పని, ఇద్దరు పిల్లలు, పైన ఇది అంటే మీ ఆరోగ్యమే ముందు దెబ్బతింటుంది.

మీకు సరిపోయేది కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్, అసోసియేట్ డిగ్రీ. నర్సింగ్ భాగం రెండేళ్లు, దాని ముందు ప్రీరిక్విజిట్లు, అంటే సీటుకి ముందే చదవాల్సిన సబ్జెక్టులు. చదివేది రెండేళ్లే అయినా బీఎస్ఎన్ వాళ్లు రాసే ఎన్‌క్లెక్సే మీరూ రాస్తారు, చేతికొచ్చే లైసెన్సూ అదే. మీకు దగ్గర్లో కాలిన్ కాలేజీ ఉంది, నర్సింగ్ మెకిన్నీ క్యాంపస్‌లో. ఫ్రిస్కో వాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి, ఊరు రెండు కౌంటీల్లో ఉంది. ఇల్లు కాలిన్ కౌంటీ వైపు ఉంటే తక్కువ ఫీజు, డెంటన్ కౌంటీ వైపు ఉంటే ఎక్కువ ఫీజు. ఆస్తిపన్ను కాగితం తీసి చూస్తే తెలుస్తుంది. పెల్ గ్రాంట్ అనే ప్రభుత్వ సాయం మీద ఆశ పెట్టుకోకండి, బ్యాచిలర్స్ ఉన్నవాళ్లకు అది ఇవ్వరు, అది ఇండియా డిగ్రీ అయినా సరే. మూడేళ్ల డిగ్రీని సీటు ఇచ్చేటప్పుడు డిగ్రీ కాదని, గ్రాంట్ ఇచ్చేటప్పుడు డిగ్రీయేనని అనే అవకాశం ఉందన్నమాట! గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ లోన్లకు మాత్రం అర్హత ఉంటుంది.

ఆ ప్రీరిక్విజిట్లలో అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ మళ్లీ చదవాలి. మైక్రోబయాలజీలోనే డిగ్రీ చేసినదాన్ని మళ్లీ ఏంటి అని మీకు మండుతుంది, తెలుసు. సైన్స్ సబ్జెక్టులు ఐదేళ్లలోపు చేసినవై ఉండాలని చాలా కాలేజీలు పెట్టుకున్న నియమం అది. నన్నడిగితే మీకు ఇది మేలే, ఎందుకంటే సీట్లు తక్కువ, ఎంపిక ఈ సబ్జెక్టుల గ్రేడ్ల మీద, హెసీ లేదా టీస్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు మీద ఆధారపడుతుంది. మైక్రోలో మీకు ‘ఏ’ గ్రేడ్ రాకపోతే ఇంకెవరికి వస్తుంది? ఈ దశలో ఉద్యోగం మానక్కర్లేదు, సెమిస్టర్‌కి ఒకటి రెండు సబ్జెక్టులు సాయంత్రం క్లాసుల్లోనో ఆన్‌లైన్‌లోనో లాగేయొచ్చు. ల్యాబ్ కూడా ఆన్‌లైన్‌లో చేస్తే ఒప్పుకుంటారో లేదో నర్సింగ్ విభాగాన్ని ముందు అడిగి ఆ తర్వాతే చేరండి.

అసలు కష్టం నర్సింగ్ సీటు వచ్చాక మొదలవుతుంది, అది చదువు కష్టం కన్నా క్యాలెండర్ కష్టం. క్లినికల్ రోజున తెల్లవారుజామున 6:30కల్లా వార్డులో ఉండాలి, ఒక్కోసారి 12 గంటల షిఫ్టు. ఏ ఆసుపత్రి, ఏ రోజు అన్నది మీ చేతిలో ఉండదు, సెమిస్టర్ మొదలయ్యేదాకా తెలియకపోవచ్చు కూడా. డేకేర్ తెరిచేసరికి మీరు హైవే మీద ఉంటారు. మన ఇళ్లలో దీనికి మందు ‘అమ్మని రమ్మందాం’. రమ్మనండి, కానీ విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలే, ఏడీఎన్ నాలుగు సెమిస్టర్లు. మీ అమ్మగారిని, అత్తగారిని ఒకేసారి పిలవకుండా వేర్వేరు సెమిస్టర్లకు సర్దండి, మిగిలిన రెంటికీ మీవారి ఆఫీసు రోజులు మార్చుకోవాల్సిందే. అది ఆయనతో ఇప్పుడే మాట్లాడాలి, సీటు వచ్చాక కాదు. చాలా కాలేజీల్లో పాస్ మార్కు 75 చుట్టూ ఉంటుంది, 74.6 వస్తే 75 చెయ్యరు, రెండుసార్లు తప్పితే కోర్సులోంచి పంపేసే చోట్లు ఎక్కువ. క్యాలెండర్ కుదరక రెండో సెమిస్టర్‌లో ఆగిపోయినవాళ్లని చూశాను, వాళ్లలో ఎవరూ తెలివి తక్కువవాళ్లు కాదు.

ఈ రెండేళ్లలో 30 గంటల పని కుదరదు, 12 నుంచి 16కి తగ్గించుకునేలా ఇంటి ఖర్చు ఇప్పటినుంచే లెక్క వేసుకోండి. వీలైతే ఫార్మసీ నుంచి ఏదైనా ఆసుపత్రికి మారండి, ఫార్మసీ టెక్నీషియన్‌గానో వార్డులో పేషెంట్ కేర్ టెక్నీషియన్‌గానో. చాలా ఆసుపత్రులు ఉద్యోగుల చదువుకి డబ్బిస్తాయి, ఏడాదికి 5,250 డాలర్ల వరకు దానిమీద మీకు పన్ను ఉండదు. పైగా రేపు ఆర్ఎన్ అయ్యాక మిమ్మల్ని ఎరిగిన మేనేజర్ ఉంటారు. బీఎస్ఎన్ ఖర్చు కూడా ఇలాగే వాళ్లతో పెట్టించవచ్చు. కొన్ని పెద్ద ఆసుపత్రులు బీఎస్ఎన్ వాళ్లనే ఎక్కువగా తీసుకుంటాయి కాబట్టి దాన్ని మరీ వాయిదా వేయకండి.

చిన్న విషయం, కానీ మనవాళ్లు చాలామంది ఇక్కడ తడబడతారు. క్లినికల్స్‌కి ముందు టీబీ పరీక్ష అడుగుతారు. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకి చర్మం మీద చేసే పరీక్షలో టీబీ లేకపోయినా పాజిటివ్ రావచ్చు, అప్పుడు ఎక్స్‌రేలు, సంజాయిషీలు. రక్తపరీక్ష, అంటే ఐజీఆర్ఏ, చేయించుకుంటామని ముందే అడగండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బోర్డు వెబ్‌సైట్‌లో కాలేజీలవారీగా ఎన్‌క్లెక్స్ ఫలితాలు ఉంటాయి, చూడండి. మొదటిసారి రాసినవాళ్లలో కనీసం 80 శాతం పాసవ్వాలని టెక్సస్ బోర్డు కోరుతుంది. ఎన్‌క్లెక్స్ ఫీజు 200 డాలర్లు, ఐదు గంటల సమయం, మీరు రాసేదాన్ని బట్టి 85 ప్రశ్నలకే ఆగిపోవచ్చు, 150 దాకా పోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఒక రోగి కథ మొత్తం ఇచ్చి, ముందు ఏం చేస్తావని అడిగే ప్రశ్నలు పెరిగాయి, బట్టీ అక్కడ పనిచెయ్యదు. లైసెన్సు వచ్చాక టెక్సస్ కాంపాక్ట్ రాష్ట్రం, అంటే ఒకరి లైసెన్సు ఒకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందంలో ఉంది కాబట్టి దానితోనే చాలా రాష్ట్రాల్లో పనిచేయొచ్చు, కాలిఫోర్నియా, న్యూయార్క్ మాత్రం అందులో లేవు. జీతం సంగతి అడగలేదు గానీ, 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో దేశం మొత్తం మీద ఆర్ఎన్ల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, వారానికి మూడు 12 గంటల షిఫ్టులు చేస్తే ఫుల్ టైమ్ కిందే లెక్క. ‘ఇంత దూరం వచ్చి నర్స్ పనా’ అనే చుట్టం ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ అంకె చెప్పి ఊరుకోండి, వాదన పెట్టుకోకండి.

హెచ్4, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: చదువుకోవచ్చు, ఈఏడీ అనే పని అనుమతి లేకుండా పనిచెయ్యలేరు, మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్1బీ దొరకడం చాలా కష్టం. ఆ లెక్క చూసుకున్నాకే ఫీజు కట్టండి.

మీ చెల్లెలికి కూడా ఇదే వరస వర్తిస్తుంది. ఇండియాలో నర్సింగ్‌ని ఆన్‌లైన్ డిగ్రీగా నడపడానికి యూజీసీ 2020 నిబంధనలు ఒప్పుకోవు, అందుకని ఇంట్లోంచే బీఎస్సీ నర్సింగ్ ఇప్పిస్తామనే వాళ్ల దగ్గరికి పోవద్దనండి. తను జీఎన్ఎం చేసి రిజిస్టరై ఉద్యోగంలో ఉంది కాబట్టి ఇగ్నో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ నోటిఫికేషన్ చూసుకోమనండి. ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే పెట్టింది, ఎంట్రన్స్ రాయాలి, ప్రాక్టికల్స్‌కి వెళ్లి తీరాలి.

మీరు ఈ వారం చేయాల్సింది ఒక్కటే, కాలిన్ కాలేజీ నర్సింగ్ వాళ్ల ఇన్ఫర్మేషన్ సెషన్ ఎప్పుడో చూసి పేరు రాయించుకోండి. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి, క్లినికల్ రోజున పాపకి జడ వేసి స్కూల్లో దింపాల్సింది ఆయనే కదా.